గోదావరి జిల్లాల్లో నిషేధాజ్ఞలు

గోదావరి జిల్లాల్లో ఎక్కడ ఉద్రిక్తత తలెత్తినా మర్నాటి పేపర్లో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి 144, రెండోది 30. మొదటిది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షను. 2024 జులై 1న భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక అది 163గా మారింది గానీ జనం నోట ఇప్పటికీ 144గానే ఉంది. రెండోది 1861 నాటి పోలీసు చట్టంలోనిది. రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 144 ఉత్తర్వు మీద సంతకం చేసేది పోలీసు కాదు, మేజిస్ట్రేటు అధికారం ఉన్న రెవెన్యూ అధికారి. అంటే కలెక్టరో, ఆర్డీవోనో, తహసీల్దారో. ప్రమాదం ముంచుకొస్తోందని ఆయనకు తోస్తే నలుగురూ చేరడాన్నే నిషేధించవచ్చు. ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి ఉండదు. అవసరమైతే రాష్ట్ర ప్రభుత్వం మరో ఆరు నెలల దాకా పొడిగించవచ్చు. సెక్షన్ 30 నేరుగా పోలీసు అధికారి చేతిలో ఉంటుంది. ఊరేగింపు ఏ దారిన, ఏ వేళకు వెళ్లాలో చెప్పడానికి, శాంతిభద్రతలకు భంగం కలిగేలా ఉంటే ముందుగా లైసెన్సు తీసుకొమ్మనడానికి అది వీలిస్తుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం లాంటి కమిషనరేట్లలో ఈ రెండు అధికారాలూ పోలీసు కమిషనరు దగ్గరే ఉంటాయి. రాజమహేంద్రవరం అర్బన్ పోలీసు జిల్లాగా ఉన్న కాలంలో కూడా కమిషనరేటు కాలేదు. కాబట్టి గోదావరి తీరాన జనాన్ని ఆపాలంటే పోలీసు ఎప్పుడూ రెవెన్యూ ఆఫీసు గుమ్మం ఎక్కాల్సిందే. ప్రమాదం ఉందని నిర్ణయించేవాడొకడు, లాఠీ పట్టేవాడొకడు కావడం చిన్న విషయం కాదు. ఈ ఏర్పాటు సరిగ్గా నడిచిన రోజులూ, ఇద్దరూ ఒకటైపోయిన రోజులూ ఈ జిల్లాల చరిత్రలో ఉన్నాయి.

ఆ ఏర్పాటు మొదలైంది 1859లో. అంతకుముందు మద్రాసు రాజధానిలో పన్ను వసూలు చేసే కలెక్టరే పోలీసు పెద్ద కూడా. 1816 రెగ్యులేషన్ల కింద తహసీల్దార్లు, వాళ్ల బంట్రోతులు, ఊళ్లో మునసబు, తలారి అంతా ఆ వరసలోని వాళ్లే. శిస్తు కట్టలేని రైతును హింసించిందీ, దొంగతనం ఒప్పించడానికి ముద్దాయిని హింసించిందీ ఆ మనుషులే కావడంతో దొరల దాకా ఫిర్యాదులు వెళ్లాయి. 1855లో మద్రాసు టార్చర్ కమిషన్ ఆ ఫిర్యాదులన్నీ విని, హింస జరుగుతున్న మాట నిజమేనని నివేదిక ఇచ్చింది. దాని పర్యవసానమే 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం. పోలీసు శాఖ రెవెన్యూ నుంచి విడిపడి, యూనిఫారం, సూపరింటెండెంటు, ఇనస్పెక్టర్ల వరసతో వేరే శాఖగా నిలబడింది. రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా, గోదావరి జిల్లాలుగా విడదీసిందీ ఆ ఏడాదే. అంటే గోదావరి జిల్లాకూ దాని పోలీసుకూ వయసు ఒకటే.

కొత్త పోలీసుకు తొలి పెద్ద పరీక్ష డెల్టాలో రాలేదు, దాని వెనక కొండల్లో వచ్చింది. రంపలో మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వేశాడు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పుల పేరుతో కోర్టు డిక్రీలు తెచ్చి కొండవాళ్ల పశువులను, పంటను పట్టుకుపోయారు. కానిస్టేబుళ్లు వాళ్లకు అండగా నిలవడమే కాక తమ వంతు కూడా గుంజుకున్నారు. 1879 మార్చిలో తిరుగుబాటు రేగి పోలీసు స్టేషన్ల మీదికే మళ్లింది. జిల్లా పోలీసు వల్ల కాక మద్రాసు పదాతి దళాలను, సాపర్లను, హైదరాబాదు కంటింజెంటు నుంచి మరికొంత బలగాన్ని దించారు. నాయకుల్లో ఒకడైన తమ్మన్నదొర 1880లో చనిపోయేదాకా అది పూర్తిగా చల్లారలేదు. మన్సబుదారును ప్రభుత్వం తొలగించింది. పోలీసు అన్యాయాలే తిరుగుబాటుకు ఒక కారణమని నాటి విచారణలోనే తేలింది. అయినా పాలకులు నేర్చుకున్న పాఠం వేరు. సాయుధ బలగాన్ని దగ్గరలో ఉంచుకోవాలన్నదే వాళ్లకు తలకెక్కింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లినప్పుడు మలబారు స్పెషల్ పోలీసు, ఆ తర్వాత 1924లో అస్సాం రైఫిల్సు మన్యానికి రావడం ఆ పాఠం కొనసాగింపే.

మైదానంలో కథ కాగితాల మీద నడిచింది. 1882 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 144 అనే అంకె వచ్చింది. 1898 కోడ్‌లోనూ అదే నిలిచింది. ఆటంకం, ప్రాణహాని, దొమ్మీ జరిగేలా ఉంటే అప్పటికప్పుడు ఆపడానికి పెట్టిన సెక్షను అది. ఒక దారి మూసేశారనో, రెండు వర్గాల ఊరేగింపులు ఒకే వీధిలో ఎదురవుతాయనో వచ్చే తగాదాల్లో అది ఉపయోగపడే సాధనమే. రాజకీయ సభను ఆపడానికి కూడా అదే చాలునని పాలకులకు తట్టడానికి ఎంతో కాలం పట్టలేదు.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వరసగా ఉపన్యాసాలిచ్చాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం వాటిని తెలుగులో వినిపించాడు. ఊరు ఊరంతా కదిలింది. కాలేజీ కుర్రాళ్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు వెళితే ప్రిన్సిపల్ మార్క్ హంటర్ సహించలేదు. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును బయటికి పంపేశారు. మరెందరో చదువుకు దూరమయ్యారు. ఇక్కడ పోలీసు అవసరమే పడలేదు, కాలేజీ గేటే ఆ పని చేసింది. కాకినాడలో అలా కాలేదు. మే 31న జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్, తనను చూసి వందేమాతరం అన్న ఒక బాలుణ్ని కొట్టి పోలీసు స్టేషనుకు ఈడ్చుకెళ్లాడు. ఆ వార్త ఊళ్లో పాకింది. ఆ రాత్రి జనం యూరోపియన్ క్లబ్బు మీద పడి దాన్ని ధ్వంసం చేశారు. ప్రభుత్వానికి ఇదంతా సభల ఫలితంగానే కనిపించింది, వైద్యాధికారి చెయ్యి కారణంగా కనిపించలేదు. ఆ నవంబరులో దేశానికంతటికీ రాజద్రోహ సభల నిరోధక చట్టం వచ్చింది. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో సభ పెట్టాలంటే ముందుగా తెలియజేయాలనీ, అధికారులు ఆపేయవచ్చనీ ఆ చట్టం చెప్పింది. కాకినాడ లాంటి ఊళ్లలో జరిగిన అలజడే అటువంటి చట్టాలకు సాకయింది.

సహాయనిరాకరణ రోజులకు 144 ఉత్తర్వు నోటి మీద వేసే తాళంగా మారింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1921లో బరంపురంలో మాట్లాడకూడదన్న నిషేధాన్ని లెక్కచేయక ఏడాది జైలుకు వెళ్లాడు. అదే సమయంలో జనసమ్మర్దాన్ని పోలీసు లేకుండా నడిపించవచ్చని చూపిందీ ఆయనే. బెజవాడలో ఆ ఏడాది అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశానికి వచ్చిన జనాన్ని ఆయన రామదండు క్రమశిక్షణతో నడిపింది. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు హిందుస్తానీ సేవాదళం ఏర్పాటుకు అంగీకారం దొరికింది. బహిరంగ స్థలాన్ని క్షేమంగా ఉంచడమంటే జనాన్ని తరిమేయడం మాత్రమే కాదని ఆ రెండు సభలు నిరూపించాయి. ఈ జిల్లాల పోలీసు చరిత్ర రాసేవాళ్లు వాటిని పక్కన పెడుతుంటారు. అది పెద్ద లోటు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. బులుసు సాంబమూర్తి నాయకత్వంలో కాకినాడ దగ్గర చొల్లంగిలో ఉప్పు వండారు. గుంటూరులో గాంధీ టోపీ పెట్టుకోకూడదని 144 కింద ఉత్తర్వు వేసే దాకా వెళ్లింది వ్యవహారం. టోపీ వల్ల శాంతికి ఏ భంగమో చెప్పడం ఏ మేజిస్ట్రేటుకైనా కష్టమే. తూర్పు గోదావరిలో ఆ కాలాన్ని జనం డీఎస్పీ ముస్తఫా అలీఖాన్ పేరుతో గుర్తుపెట్టుకున్నారు. ఆ డిసెంబరులో పెద్దాపురంలో ఒక తోటలో విందుకు చేరినవారి మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. అది బహిరంగ సభ కాదు, ఊరేగింపు కాదు, రోడ్డు కూడా కాదు. పదిమంది ఒకచోట కూర్చుని భోజనం చేయడం కూడా చట్టవిరుద్ధ సమావేశంగా కనిపించిందంటే, ఆపే అధికారమూ కొట్టే అధికారమూ ఒక్క మనిషి చేతిలోకి వచ్చేశాయన్నమాట. బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యం నెలకొల్పిన సీతానగరం గౌతమీ సత్యాగ్రహాశ్రమం మీదా పోలీసు దాడులు జరిగాయి. 1932 జనవరిలో ప్రభుత్వం ఒకేసారి నాలుగు ఆర్డినెన్సులు తెచ్చి అత్యవసరాధికారాలు కట్టబెట్టాక ఈ పద్ధతికి రాతపూర్వకమైన బలం కూడా చేకూరింది. దాని పర్యవసానం మరుసటి ఏడాదే కనిపించింది. ప్రతివాది భయంకర వెంకటాచార్యులు, ఆయన వెంటనున్న యువకులు ముస్తఫా అలీఖాన్ లాంటి అధికారులను చంపాలని బాంబులు చేశారు. 1933 ఏప్రిల్‌లో కాకినాడలో ఒక బాంబు పేలిపోవడంతో పథకం బయటపడింది. అదే కాకినాడ బాంబు కేసు. అహింసను నమ్మిన జిల్లాలో బాంబు పుట్టడానికి ఆ లాఠీలే చాలావరకు కారణం.

1942 ఆగస్టుకు పరిస్థితి మరో రకం. జులై చివర ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు కార్యదర్శి కళా వెంకటరావు జిల్లా సంఘాలకు ఒక సర్క్యులర్ పంపాడు. ఆయన కోనసీమ మనిషి, ముక్తేశ్వరం వాడు. నిషేధాజ్ఞలను ధిక్కరించడం నుంచి టెలిగ్రాఫు తీగలు కోయడం దాకా దశలవారీగా ఏం చేయాలో అందులో ఉంది. రైలు పట్టాలు తీయవద్దని, ప్రాణాలకు ముప్పు రాకూడదని కూడా ఉంది. ఆంధ్ర సర్క్యులర్ పేరుతో అది ప్రభుత్వం చేతికి చిక్కి, కాంగ్రెసు మీద తయారుచేసిన ఆరోపణపత్రంలో ముఖ్యమైన సాక్ష్యమైంది. ఆగస్టు 17న ఉండి, ఆకివీడు, పాలకొల్లు రైల్వే స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అదే రోజు భీమవరంలో జనం ప్రభుత్వ కార్యాలయాల మీదికి వెళ్లారు. పోలీసులు కాల్పులు జరిపారు, నలుగురు చనిపోయారు. కోడ్ ప్రకారం ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది శాంతికి భంగం కలిగేలా గుమిగూడితే మేజిస్ట్రేటో, స్టేషను అధికారో చెదిరిపొమ్మని ఆజ్ఞాపించాలి. వినకపోతే బలం వాడాలి. అదీ చాలకపోతే సైన్యాన్ని పిలవాలి. ఈ మెట్లన్నీ కాగితం మీద ఎప్పుడూ ఉన్నాయి. ఆ ఆగస్టులో మాత్రం కాగితమే మారిపోయింది. భారత రక్షణ నిబంధనల కింద విచారణ లేకుండా నిర్బంధించడం, ఆగస్టు 15 నాటి ఆర్డినెన్సుతో సైనికాధికారులకు కాల్చే అధికారం, ఊరి మొత్తం మీద సామూహిక జరిమానా ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. తెనాలి సహా ఆంధ్ర జిల్లాల్లో పలుచోట్ల ఆ జరిమానాలు వసూలు చేశారు. ఎవరో చేసిన పనికి ఊరంతా డబ్బు కట్టాలన్న సూత్రం 1861 పోలీసు చట్టంలోని శిక్షా పోలీసు ఏర్పాటు నుంచి వచ్చిందే. 1922లో పన్ను కట్టబోమన్న పెదనందిపాడు వాసులకు దాని రుచి ముందే తెలుసు.

స్వతంత్రం వచ్చాక ఈ అధికారాలు పోలేదు. మద్రాసు ప్రభుత్వం 1947లో శాంతిభద్రతల పరిరక్షణ చట్టం తెచ్చి కమ్యూనిస్టుల మీద విరివిగా వాడింది. 1949లో మళ్లీ అదే పేరుతో వచ్చిన చట్టం కింద ఒక పత్రికను రాష్ట్రంలోకి రానివ్వకపోవడం చెల్లదని 1950 మే 26న రొమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడాది మొదటి రాజ్యాంగ సవరణలో ప్రభుత్వం వాక్‌స్వాతంత్ర్యానికి కూడా శాంతిభద్రతల పరిమితి చేర్చింది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చింది; ఆ హక్కుకు ఆ పరిమితి మొదటినుంచే ఉంది. 1961లో బాబూలాల్ పరాతే కేసులో సుప్రీంకోర్టు 144 రాజ్యాంగబద్ధమేనంది. ఆ అధికారాన్ని కారణాలతో వాడాలని, కోర్టు దాన్ని పరిశీలించవచ్చని చెబుతూనే ఆ మాట అంది.

1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు మరణం తర్వాత, 1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో, 1988 డిసెంబరులో విజయవాడలో వంగవీటి మోహనరంగా హత్య జరిగాక ఉభయ గోదావరులు అట్టుడికాయి. ఊరూ కారణమూ మారినా నిషేధాజ్ఞ, లాఠీ, కాల్పులు, కర్ఫ్యూ అనే వరస మారలేదు.

జనం గుమికూడితే ప్రమాదమన్న ఆలోచన తిరుగుబాట్ల చుట్టూనే తిరిగినందువల్ల ఈ జిల్లాల్లో అన్నిటికన్నా పెద్ద గుంపు మరుగునపడింది. పన్నెండేళ్లకోసారి గోదావరి పుష్కరాలు వస్తాయి. పోలీసు చట్టంలోని సెక్షన్ 31, రోడ్ల మీద, వీధుల్లో, ఘాట్లలో, రేవుల్లో, జనం చేరే ప్రతిచోటా క్రమం నిలపడం పోలీసు విధి అంటుంది. 144 అధికారం ఇస్తుంది. 31 బాధ్యత వేస్తుంది. 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజు ఉదయం, రాజమండ్రి కోటగుమ్మం దగ్గరి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. ముఖ్యమంత్రి అదే ఘాట్‌లో స్నానం చేసిన ఉదయం అది. విచారణకు జస్టిస్ సి.వై. సోమయాజులు కమిషన్ వేశారు. 1942లో భీమవరం కాల్పుల్లో పోయినవారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది గోదావరి ఒడ్డున ఒక్క పూటలో, ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తకుండానే, మరణించారు. దారులు విడదీయడం, రద్దీని ముందే ఆపడం లాంటి మామూలు పనుల్లో పోలీసు ఎంత అవసరమో ఈ దుర్ఘటన చెప్పినంత గట్టిగా మరేదీ చెప్పలేదు.

ఆ తర్వాతి ఏళ్లలో పాత సెక్షన్లే కొత్త తగాదాల్లోకి వచ్చాయి. 2016 జనవరి 31న తునిలో కాపు ఐక్య గర్జన రోజున రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ను తగలబెట్టారు, పోలీసు స్టేషన్ మీద దాడి చేశారు. అంత పెద్ద సభ జరిగే చోట ముందుజాగ్రత్త చాలలేదు; తర్వాత పెట్టిన రైల్వే కేసు కూడా నిలబడలేదు. 2023 మే 1న విజయవాడ రైల్వే కోర్టు దాన్ని కొట్టేసింది. తునిలో తక్కువైన నిషేధం మరుసటి ఏడాది కిర్లంపూడిలో ఎక్కువైంది. 2017 జులైలో కాపు ఉద్యమ నేత ముద్రగడ పద్మనాభం అక్కడి నుంచి అమరావతికి పాదయాత్ర తలపెడితే పోలీసులు ఆయన్ను ఇంట్లోంచే కదలనివ్వలేదు. ముందస్తు అరెస్టుకు అప్పట్లో అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 151 ఆధారం. దాని కింద ఎవరినైనా 24 గంటలకు మించి ఉంచడానికి వీల్లేదు. గృహ నిర్బంధమన్న మాటే ఆ సెక్షన్‌లో లేదు. 2016లోనే భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కును ఊళ్లవాళ్లు వ్యతిరేకిస్తే అక్కడ 144 పెట్టారు. కాలువలు పాడవుతాయన్న రైతుల, మత్స్యకారుల భయానికి జవాబు చెప్పాల్సింది కాలుష్య నియంత్రణ అధికారులు. వాళ్లకన్నా ముందు పోలీసు పికెట్లు వెళ్లాయి.

2022 మే 24న అమలాపురంలో జరిగింది మాత్రం వేరు. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ మే 18న ప్రాథమిక ప్రకటన వచ్చింది. అభ్యంతరాలకు 30 రోజుల గడువిచ్చారు. నిషేధాజ్ఞలు ఉండగానే ఆందోళనకారులు కలెక్టరేటు వైపు కదిలారు. మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ ఇళ్లకు నిప్పు పెట్టారు, బస్సులు తగలబడ్డాయి, ఎస్పీ సహా పోలీసులు గాయపడ్డారు. దళితుడైన మంత్రి ఇంటిని తగలబెట్టిన గుంపును ఆపడం ఏ ప్రజాస్వామ్యంలోనైనా పోలీసు బాధ్యతే. ఇక్కడ 144 వాడటం గురించి ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. కాకపోతే ఆ ఉత్తర్వు వెంట సరిపడా బలగం లేకపోయింది. అల్లర్లు అణిగాక మరో నిషేధం మొదలైంది. 2017 నాటి టెలికాం సేవల తాత్కాలిక నిలిపివేత నిబంధనల కింద కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు, ఫోన్లో డబ్బు తీసుకునే చిల్లర కొట్లవాళ్లు, గొడవతో ఏ సంబంధమూ లేని లక్షలమంది ఆ నిషేధం మోశారు. 1942 నాటి సామూహిక జరిమానాకు ఇది దగ్గరి చుట్టమే. అంతకుముందే 2020 జనవరి 10న అనురాధా భసిన్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఉత్తర్వులను బహిరంగంగా ప్రచురించాలని, అవసరానికి మించి ఉండకూడదని, న్యాయమైన అసమ్మతిని అణచడానికి 144ను పదేపదే వాడకూడదని చెప్పింది.

2022 డిసెంబరు 28న కందుకూరులో తెలుగుదేశం సభలో తొక్కిసలాట జరిగి 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు చనిపోయారు. మర్నాడే ప్రభుత్వం జీవో నంబర్ 1 ఇచ్చి, పోలీసు చట్టం ఆధారంగా రోడ్ల మీద సభలు, ర్యాలీలను దాదాపుగా నిషేధించింది. ఇరుకు సందుల్లో సభలు పెట్టడం ప్రాణాంతకమని జరిగిన మరణాలే రుజువు చేశాయి. అంతమాత్రాన రాష్ట్రంలోని రోడ్లన్నీ మూసేయడానికి సెక్షన్ 30 అనుమతించదు. అది ఒక్కో ఊరేగింపును చూసి, దారినీ వేళనూ నిర్ణయించమంటుంది. సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె. రామకృష్ణ తదితరులు హైకోర్టుకు వెళ్లారు. 2023 మే 12న ప్రధాన న్యాయమూర్తి ప్రశాంత్ కుమార్ మిశ్రా, జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులు ధర్మాసనం జీవోను కొట్టేసింది.

తీర్పు వచ్చిన నెల రోజులకే జూన్‌లో అన్నవరం నుంచి పవన్ కల్యాణ్ వారాహి యాత్ర మొదలవుతుందనగా కోనసీమలో సెక్షన్ 30 అమల్లో ఉందని పోలీసులు ప్రకటించారు. ఈసారి అది నిషేధంగా మారలేదు. సభలకు అనుమతులిచ్చారు, బందోబస్తు పెట్టారు. యాత్ర కత్తిపూడి సభతో మొదలై, అమలాపురం మీదుగా వెళ్లి జూన్ 30న భీమవరంలో ముగిసింది.